జర్పాల్ సార్

మన స్కూలు పాత విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు వాట్సాప్‌లో ప్రాణం తీస్తున్నారు. జామచెట్టు కేసు రాద్దామంటే పటాస్‌గాడు ఇప్పుడు సర్పంచ్, పరువు పోతుంది. లెక్కల సార్ ఎలాగూ ఫస్ట్ బెంచీ వాళ్ల సొత్తు. నాకు మిగిలింది డ్రిల్ సార్, పాత మిలిటరీ మనిషి, అదే మన జర్పాల్ సార్.

ఎనిమిది, తొమ్మిదిలో ఏం చదివానో గుర్తులేదు గానీ, బోరింగు పక్కన సార్ బెత్తంతో గీసిన 1971 పాకిస్తాన్ యుద్ధం మాత్రం గుర్తుంది. నీళ్లు పారే కాలువ బసంతర్ నది. అవతల వేపచెట్టు జర్పాల్, పాకిస్తాన్ వైపు ఊరు. మన చెప్పులన్నీ పాకిస్తాన్ ట్యాంకులు. పొట్టి లీడర్ హవాయి చెప్పు ఎప్పుడూ ముందు వరసే, ఎందుకో మీకు తెలుసు.

1971 డిసెంబర్ 15న మన సైన్యంలోని 3 గ్రెనేడియర్స్ అనే బెటాలియన్ మేజర్ హోషియార్ సింగ్ తన కంపెనీతో జర్పాల్ పట్టుకున్నాడు. మర్నాడు మూడు ఎదురుదాడులు. 17న ఏకంగా ఒక బెటాలియనే మీద పడింది. మెషిన్‌గన్ జవాన్లు షెల్ దెబ్బకు గాయపడితే, తానూ గాయాలతోనే ఉన్న మేజర్ ఆ గన్ అందుకున్నాడు. పరమవీర చక్ర వచ్చింది. ఇదంతా సార్ గబగబా కానిచ్చేసేవారు. ఆయన ఆగేదల్లా ఆ గాయాల మనిషి ట్రెంచి ట్రెంచికీ తిరిగి జవాన్లకు ధైర్యం చెప్పిన చోట. సార్ కుంటుతూ గీత గీతకూ వచ్చి, ఒక్కొక్కడి ముందూ నిలబడి "ఠీక్ హై?" అనేవారు. (ఈ డైలాగు సార్ సొంతమే.) మనం "ఠీక్ హై సాబ్" అని అరవాలి. కాల్పులు ఆగేదాకా మేజర్ ఆస్పత్రికి పోలేదట, బెల్లు కొట్టినా సార్ మనల్ని వదిలేవారు కాదు.

"అప్పుడు మీరెక్కడున్నరు సార్?" అని అడిగితే, "లారీ తోలిన. గుండ్లు మోసిన. అవి అందకపోతే ఎవడైనా ఏం కాలుస్తడ్రా?" అన్నారు.

2020 జూన్‌లో లద్దాఖ్ గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ వార్త వచ్చినప్పుడు సార్‌కు ఫోన్ చేశాను. అందులో ప్రాణాలిచ్చిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ (సీఓ). తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. "సీఓ సాబే ముందల ఉన్నడా..." అని సార్ ఇంకేం మాట్లాడలేదు.

నేను కరెంటాఫీసులో ఇంజనీర్‌ని, దేవరకొండ వైపు. గాలివాన రాత్రి ఇంట్లో పడుకుని ఫోన్లో ఆర్డర్లేసే అలవాటు లేదు. స్తంభమెక్కినోడు దిగేదాకా కిందే ఉండి "ఠీక్ హై?" అంటుంటాను. మా లైన్‌మన్లకు నవ్వు.

సార్ ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. స్టేజీకి మెట్లు తక్కువుండేలా చూడండి. మైకు మాత్రం భోజనాల తర్వాతే ఇవ్వండి, ముందే జర్పాల్ మొదలైతే బగారన్నం సాయంత్రానికే.