కోటి రూపాయల బండి వాగు దాటుతుందా?

దాటుతుంది. బాడీ కింద నిచ్చెనలా ఉండే ఉక్కు చట్రం, అంటే లాడర్ ఫ్రేమ్, పోయిందంటే ఆఫ్‌రోడ్ పోయినట్టే అనే మాట ఇప్పుడు నిలవదు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు ఆ ఫ్రేమ్ ఉండేది, నీళ్లలో మాత్రం 500 మిల్లీమీటర్ల వరకే. విడి ఫ్రేమ్ లేకుండా బాడీయే చట్రంగా ఉండే మోనోకాక్‌తో వచ్చిన కొత్తది, బండిని పైకి లేపే ఎయిర్ సస్పెన్షన్ మీద 900 దాకా పోతుంది. మెర్సిడెస్ జీ-క్లాస్‌లో, ఒక చక్రం జారినా మిగతావి తిరిగేలా పట్టే మూడు డిఫరెన్షియల్ లాకులు ఇప్పటికీ ఉన్నాయి. యంత్రంలో లోటు లేదు, లోటంతా షోరూంలో మెరిసే రిమ్ముల్లోనే.

275/40 ఆర్21 టైరు తీసుకోండి. 275 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 21 అంటే అంగుళాల్లో రిమ్ము. 275లో 40 శాతం, అంటే పక్కగోడ 110 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్‌కు వచ్చే 265/60 ఆర్18కు అదే 159. దుందుభి వాగు ఇసుకలో దిగబడకుండా ఉండాలంటే గాలిని 33 నుంచి 20 పీఎస్‌ఐ దాకా దించాలి. 159 ఉన్న టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. 110 ఉన్నది అంత దించితే మొదటి రాయికే రిమ్ము తగిలి పక్కగోడ చీలుతుంది. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైరు అయితే పక్కగోడ గట్టిగా ఉండి, గాలి తీసినా సరిగ్గా పరుచుకోదు. చాలా వాటిలో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్టే ఇస్తారు. సర్కారు తుమ్మ ముల్లు నేలకు తగిలే ట్రెడ్‌లో దిగితే ఆ కిట్‌లోని జిగురు పనిచేస్తుంది, పక్కగోడ చీలికకు పనికిరాదు. కొనేముందే డీలర్‌ను అడగండి: బ్రేక్ కాలిపర్లకు తగలకుండా ఎంత చిన్న రిమ్ము పడుతుంది? 18 అంగుళాలది పడితే మంచిది. సన్‌రూఫ్ గురించి తర్వాత అడగొచ్చు.

వాన పడ్డ నల్లరేగడి వేరే కథ. హైవే టైరు గాడులన్నీ మట్టితో నిండి నున్నగైపోతాయి, ఏ మోడ్ పెట్టినా పట్టు దొరకదు. నేల ఆరేదాకా ఆగడమే తెలివి. బయటపడ్డాక రిమ్ము లోపలి వైపు కడగండి. అక్కడ మట్టి ఎండితే బ్యాలెన్స్ తప్పి, హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతుంది.

నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే లో రేంజ్ గేర్లు లేని బండ్లు జారే చక్రాన్ని బ్రేకుతో పట్టి, బలాన్ని రెండో వైపు పంపుతాయి. అడ్డదిడ్డం గోతులు దాటడానికి అది చాలు. ఇసుకలో ఎక్కువసేపు సాగితే బ్రేకులు, ముందూ వెనకా చక్రాలకు బలం పంచే కప్లింగ్ వేడెక్కుతాయి. హెచ్చరిక వస్తే బండి ఆపి చల్లారనివ్వాలి. ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేయండి, లేకపోతే ఊపు కావాల్సిన చోటే ఇంజిన్ బలం కోస్తుంది.

కంపెనీ చెప్పే లోతు నిలకడ నీళ్లకు. మూసీ లోలెవల్ వంతెన మీదుగా పారుతుంటే ఆ అంకెను మర్చిపోయి వెనక్కి తిప్పండి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లో చేరిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

దిగబడితే ఊళ్లోంచి ట్రాక్టర్ వస్తుంది, వచ్చినాయన గొలుసును సస్పెన్షన్ ఆర్మ్‌కు చుడతాడు. చుట్టనివ్వొద్దు. టూల్ కిట్‌లోని టో హుక్కును బంపర్ మూత తీసి బిగించండి. కొన్ని బండ్లకు మర ఎడమవైపు తిరుగుతుంది. చేత్తో ఆగినాక వీల్ స్పానర్ దూర్చి చివరిదాకా తిప్పాలి. గుంజేది నేరుగా, మెల్లగా. పక్కకు లాగినా, ఎగిరి గుంజినా ఆ హుక్కు ఊడి వస్తుంది. తాడు తన్నే దూరంలో మనుషులను నిలబడనివ్వకండి.