టామీ అట్కిన్స్ అసలు ఎవడు?

మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఏ డాక్యుమెంటరీ చూసినా బ్రిటిష్ సైనికుణ్ణి "టామీ" అనే అంటారు కదా, టామీ అట్కిన్స్ అనేది పూర్తి పేరు, ఎవరో పెద్ద వీరుడి పేరేమో అనిపిస్తుంది, తీరా చూస్తే అది ఫారంలో నమూనాగా వేసిన పేరు!

1815లో వార్ ఆఫీస్ (బ్రిటిష్ సైన్యం వ్యవహారాలు చూసే శాఖ) వాళ్ళు సైనికుల లెక్కల పుస్తకం ఎలా నింపాలో చూపించడానికి ఒక శాంపిల్ వేసి, పేరు ఉండాల్సిన చోట థామస్ అట్కిన్స్ అని పెట్టారు. సంతకం దగ్గర ఇంటూ మార్కు, దాని పక్కన "ఇది అతని గుర్తు" అని. అప్పటి సిపాయిల్లో చాలామందికి సంతకం పెట్టడమే రాదు మరి. ఆ పేరే ఫారాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించి చివరికి అందరికీ అంటుకుపోయింది.

ఇంకో కథ కూడా ఉంది. 1794లో బాక్స్‌టెల్ (నెదర్లాండ్స్) దగ్గర జరిగిన పోరులో, తర్వాత నెపోలియన్‌ని ఓడించిన సేనాని వెల్లింగ్టన్ 33వ రెజిమెంట్‌ని నడిపాడు, అక్కడ గాయాలతో చనిపోతున్న అట్కిన్స్ అనే సిపాయి "పర్లేదు సార్, ఇదీ డ్యూటీలో భాగమే" అన్నాడట, తర్వాత 1843లో నమూనాకి ఏం పేరు పెట్టాలని అడిగితే వెల్లింగ్టన్‌కి వాడే గుర్తొచ్చాడట. వినడానికి బాగుంది గానీ ఆ పేరు 1815లోనే అచ్చయిపోయింది కదా, ఇక 1843 లెక్క ఎలా కుదురుతుంది? నా ఓటు ఆ శాంపిల్ నింపిన వార్ ఆఫీస్ గుమాస్తాకే.

1890లో ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ "టామీ" అని ఒక కవిత రాశాడు. మామూలు రోజుల్లో ఎర్రకోటు వాడికి (అంటే బ్రిటిష్ సిపాయికి) బీరు కూడా పొయ్యం పొమ్మంటారు, యుద్ధం రాగానే అదే మనిషిని నెత్తిన పెట్టుకుంటారు అని సిపాయి నోటితోనే తిట్టించాడు, గట్టిగా తగిలేలా.

1914 తర్వాత కందకాల్లో జర్మన్లు అవతల్నుంచి "టామీ" అని కేకేసేవాళ్ళు, వీళ్ళు వాళ్ళని ఫ్రిట్జ్ అనేవాళ్ళు. ఇంటి మీద బెంగ పెట్టుకున్న టామీ తన దేశాన్ని "బ్లైటీ" అనేవాడు, అది మన దగ్గర్నుంచి వెళ్ళిన విలాయతీయే. ఇంటికి పంపించేంత గాయమైతే "బ్లైటీ గాయం" అని సంబరపడేవాళ్ళు కూడా!

ఇప్పుడు బ్రిటన్‌లో మామూలు సైనికుణ్ణి స్క్వాడీ అంటున్నారు. అన్నట్టు టామీ గన్ అనే తుపాకీకీ ఈ టామీకీ చుట్టరికం లేదు, అది అమెరికన్ జనరల్ థాంప్సన్ పేరు మీద వచ్చింది.