రెండు లిపులకు ఒకే కీబోర్డు

మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆపివేసింది. మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 కోరే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేదు. బెంగళూరులో ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి మొదటి కంప్యూటరుగా దానినే ఇవ్వదలచాము కనుక, కంప్యూటరు దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే డిస్కు) కొని, అందులో విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ ఎక్కించాము. పాత హార్డ్ డిస్కును ఫొటోలతో సహా విడిగా తీసి బీరువాలో పెట్టడం వల్ల, ఇన్‌స్టాలర్ "డిస్కు మొత్తం చెరిపివేయమంటారా" అని అడిగినప్పుడు నిశ్చింతగా సరేననగలిగాము.

అంతకంటే ముందు పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను నడిపి చూశాము. అలా నడిపితే డిస్కులో ఏమీ మారదు కాబట్టి, వైఫై, కెమెరా, స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో, బడివాళ్లు హోంవర్కు పెట్టే వెబ్‌సైటు తెరుచుకుంటుందో లేదో ముందుగానే తేల్చుకోవచ్చు. ఎక్కించిన తరువాత అమ్మాయికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని ఖాతా ఇచ్చి, టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామును అమర్చాము. అది సిస్టమ్‌ను వెనుకటి స్థితికి తేగలదు గానీ, మామూలుగా సొంత ఫైళ్లను దాచదు; ఈ తేడాను పిల్లలకు మొదటిరోజే చెప్పడం మంచిది.

అసలు చర్చ భాష దగ్గర వచ్చింది. మెనూలన్నీ తెలుగులో ఉండాలని మావారి పట్టుదల. నేను ఒప్పుకోలేదు. అనువాదం కొన్నిచోట్ల ఉండి కొన్నిచోట్ల లేని తెర కొత్తగా నేర్చుకునేవారిని తికమక పెడుతుంది. పైగా బడిలో టీచరు చెప్పే మాట ఇంట్లో తెరపై కనిపించకపోతే పిల్ల ఎవరిని అడగాలి? తెలుగు మెనూ చూసి మురిసిపోయేది మేమే (మేము కూడా ఆఫీసులో ఇంగ్లిష్ మెనూలే వాడుతాము). పిల్లకు తెలుగుతో పని పడేది రాసేటప్పుడు. అందుకని మెనూలను ఇంగ్లిష్‌లోనే ఉంచి, కీబోర్డు సెట్టింగులలో తెలుగు, కన్నడ లేఅవుట్లు (ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరికలు) రెండూ చేర్చాము.

కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం బడులలో కన్నడ తప్పనిసరి భాష. మా అమ్మాయి కన్నడం తడుముకోకుండా రాస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది, చదవగలదు, రాయమంటే మాత్రం విసుక్కుంటుంది. మేము చేర్చిన రెండు లేఅవుట్లూ ఇన్‌స్క్రిప్ట్ అమరికలోవే. 1980లలో ప్రామాణికమైన ఈ అమరికలో తెలుగు, కన్నడ, దేవనాగరి వంటి భారతీయ లిపులకు ఒకే ధ్వని దాదాపు ఒకే మీటపై ఉంటుంది. కన్నడ 'క' ఏ మీటపై ఉంటుందో, తెలుగు 'క' కూడా అక్కడే ఉంటుంది. బడి ప్రాజెక్టు కోసం కన్నడంలో టైపు చేయడం నేర్చుకున్న పిల్ల, లేఅవుట్ మార్చి అవే మీటలు నొక్కి, "అమ్మా, ఇవన్నీ నాకు ముందే వచ్చు కదా!" అన్నది. 'అ' తరువాత సి, డి, సి, మళ్లీ సి, డి, సి నొక్కితే 'అమ్మమ్మ' అని పడుతుంది. ఇందులో సి మీట 'మ', డి మీట పొల్లు. పొల్లు తరువాత వచ్చే అక్షరం దానంతటదే వత్తుగా మారిపోవడం చూసి, చేతిరాతలో ఎప్పుడూ వదిలేసే వత్తులను ఆమె ఇప్పుడు వెతికి మరీ పెడుతున్నది. తిరుపతిలోని మా అమ్మకు రాసిన మొదటి ఉత్తరంలో దీర్ఘాలు కొన్ని తప్పాయి, వత్తు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఒకటో తరగతి చదివే మా అబ్బాయికి ఇదే అమరిక పనికిరాదు. వాడికి ఇంగ్లిష్ అక్షరాలే బాగా వచ్చు. కాబట్టి కె నొక్కితే 'క', ఎం నొక్కితే 'మ' వచ్చే కగప అమరిక తేలిక. కన్నడ గణక పరిషత్తు అనే సంస్థ పేరు మీదుగా వచ్చిన ఈ అమరిక మింట్‌లో తెలుగుకూ ఉంది. ఇద్దరికీ వేరువేరు ఖాతాలు ఉన్నాయి కనుక ఎవరి అమరిక వారిదే. అక్క మాత్రం తన పద్ధతే సరైనదని వాదిస్తున్నది, వాడి ఖాతాలోకి వెళ్లి మార్చేందుకు పాస్‌వర్డు అడుగుతున్నది. మేము ఇవ్వడం లేదు.