శనక్కాయ ఆకు మీద నీటిబొట్టు

కళ్యాణదుర్గం దగ్గర మా చేలో వాన వెలిశాక శనక్కాయ ఆకుల మీద నీళ్లు గుండ్రంగా బొట్లు కట్టి ఉంటాయి. "తామరాకు మీదా ఇంతే కదక్కా" అంటాడు మా తమ్ముడు. చాలా తేడా ఉంది.

తామరాకు మీద కంటికి కనపడని బుడిపెలు, వాటిపై మైనం. బొట్టు ఆ కొనల మీదే నిలబడుతుంది, కింద గాలి ఉంటుంది. కాస్త వంచితే చాలు, దుమ్మును కూడా పట్టుకుని జారిపోతుంది. బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1997లో దీన్ని వివరంగా రాశారు. శనక్కాయ ఆకు మాత్రం మహా మొండిది: బొట్టును పరుచుకోనివ్వదు, వదిలిపెట్టదు. ఆకును తలకిందులు చేసినా చిన్న బొట్టు పట్టుకునే ఉంటుంది.

మందు కొట్టేటప్పుడు టెన్షన్ ఇక్కడే. మందునీళ్లు బొట్లుగానే ఉండిపోతే ఆకంతా తడవదు. జిగురు మందు కలిపితే నీటి తలతన్యత, అంటే నీటిని బొట్టుగా పట్టి ఉంచే గుణం, తగ్గి పరుచుకుంటుంది. మోతాదు మించితే మందంతా నేలపాలే.

ఇక తిక్క ఆకుమచ్చ తెగులు. ఆకు గంటల తరబడి తడిగా ఉంటే ఈ తెగులు తెచ్చే బూజు బీజాలు మొలకెత్తుతాయి. అందుకే సాయంత్రం పూట స్ప్రింక్లర్లు తిప్పడం నాకు ఇష్టం ఉండదు. "కరెంటు ఎప్పుడిస్తే అప్పుడే కదక్కా" అంటాడు వాడు. అదీ నిజమే.