సామాను దగ్గర నిలిచినవారి భాగం

సమూయేలు మొదటి గ్రంథం 30వ అధ్యాయాన్ని మన సంఘాల్లో ఎక్కువగా ఆరో వచనం కోసమే తెరుస్తాం. తానుంటున్న సిక్లగు ఊరు కాలి బూడిదై, భార్యాబిడ్డలను అమాలేకీయులు చెరపట్టుకుపోయి, వెంట ఉన్న జనమే రాళ్లు రువ్వి చంపుదామని అనుకుంటున్న వేళ దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యం తెచ్చుకున్నాడన్న ఆ మాట మీద లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాం. అదే అధ్యాయంలోని 24వ వచనం మీద మాత్రం ప్రసంగం వినడం అరుదు. యుద్ధమునకు పోయినవాని భాగమెంతో సామానునొద్ద నిలిచినవాని భాగము అంతే అని దావీదు అక్కడ తీర్పు చెప్పాడు. నా భార్య హైదరాబాదులో దైవశాస్త్రం చదువుకుంటూ, నేనూ మా అమ్మా ఇద్దరు పిల్లలూ కడపలో ఉంటున్న ఈ కాలంలో మా ఇంట్లో ఎక్కువసార్లు చదువుకున్న వచనం అదే.

ఆ కథను నెమ్మదిగా చదవాలి. దావీదుతో బయలుదేరినవారు 600 మంది. బెసోరు వాగు దగ్గరికి వచ్చేసరికి 200 మంది అలసిపోయి దాటలేక ఆగిపోయారు, 400 మందితో దావీదు ముందుకు సాగాడు. ఆగినవారిని సోమరులుగా చూడడానికి ఆ అధ్యాయంలో ఆధారమేమీ లేదు. అందరితో పాటు వాళ్లూ ఫిలిష్తీయుల దండు నుంచి నడిచి మూడో రోజున సిక్లగు చేరినవారే, కాలిపోయిన ఊరి ముందు ఇక ఏడ్వడానికి శక్తి లేనంతగా ఏడ్చినవారే. తమ ఆలుబిడ్డలను విడిపించుకు రావడానికి వేరొకరు పరుగెడుతుంటే తాము వాగు ఒడ్డున మూటాముల్లెల మధ్య కూర్చుని ఎదురుచూడవలసి రావడం తేలికైన పని అని నేను అనుకోను. పైగా ఆ 400 మంది బరువు దింపుకుని వడిగా సాగగలిగారంటే, ఆ బరువుకు ఎవరో ఒకరు కాపలా ఉన్నారనే కదా అర్థం.

అమాలేకీయులను గెలిచి దావీదు తిరిగి వచ్చినప్పుడు మొదట చేసిన పని నన్ను బాగా కదిలిస్తుంది. దోపుడుసొమ్ము పంపకం గురించి మాట్లాడక ముందే ఆయన ఆగిపోయినవారి దగ్గరికి వెళ్లి వారి యోగక్షేమం అడిగాడు. తరువాత కొందరు దుర్మార్గులు, మనతో రానివాళ్లకు సొమ్ములో ఏమీ ఇవ్వనక్కరలేదు, ఎవరి భార్యను ఎవరి పిల్లలను వాళ్లు తీసుకుని పోవచ్చు అన్నారు. ఆ మాట పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కష్టపడినవాడికే ఫలం అన్నది మన ఊళ్లలోనూ పొలం గట్టు మీద వినిపించే మాటే. దావీదు వాళ్లను కూడా నా సహోదరులారా అని పిలిచి, ఇది యెహోవా మనకిచ్చినది, మనలను కాపాడినవాడు ఆయనే, మీరు ఇలా చేయకూడదు అన్నాడు. దేవుడు ఇచ్చిన దానిని మనిషి పడిన కష్టాన్ని బట్టి కొలిచి పంచే అధికారం ఎవరికీ లేదన్నది ఆయన వాదం. ఆ రోజు మొదలుకొని దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా, అంటే చట్టంగా, నియమించాడని 25వ వచనం చెబుతుంది. ఒక రాత్రి దయ తలచి ఇచ్చిన ఈనాముగా కాకుండా, అడగకుండానే అందవలసిన హక్కుగా దానిని స్థిరపరిచాడు.

దైవశాస్త్ర విద్యకు ఒక తల్లో తండ్రో వెళ్లిన ఇంటికి ఈ కట్టడ ఎంత దగ్గరిదో చెప్పాలంటే ఆ చదువు ఎలాంటిదో కొంచెం చెప్పాలి. ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారింది. వివిధ సంఘశాఖల వాళ్లు అక్కడ కలిసి చదువుతారు, పట్టా ఇచ్చేది సీరాంపూర్ సెనేట్ అనే దైవశాస్త్ర విద్యామండలి. బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, ఏళ్ల తరబడి సాగే చదువు. పాత నిబంధన, క్రొత్త నిబంధన, హెబ్రీ, గ్రీకు, సంఘ చరిత్ర, ప్రసంగశాస్త్రం, వీటికి తోడు వారాంతాల్లో సంఘాల్లో సేవ. పండుగ రోజుల్లోనే పని ఎక్కువ కాబట్టి ఇంట్లో పండుగకు ఆ మనిషి ఉండడం అనుమానమే. చదువు పూర్తయ్యాక ప్రొబేషన్ అనే పరీక్షాకాలం, పాస్టరుకు సహాయకులైన డీకన్ అభిషేకం, ఆ తరువాత పూర్తి బాధ్యత గల పాస్టరుగా, అంటే ప్రెస్బిటర్‌గా అభిషేకం, అటు పిమ్మట కొన్నేళ్లకొకసారి బదిలీ. ఇంటి సామాను మళ్లీ మళ్లీ మూట కట్టవలసిన జీవితం అది. కొందరు కుటుంబాన్ని వెంట తీసుకుని వెళ్తారు. కళాశాలలో వివాహితులకు గది దొరికితే మంచిదే, దొరకకపోతే నగరంలో అద్దె కట్టుకోవాలి, పిల్లలు కొత్త బడిలో మొదటి నుంచి స్నేహాలు కట్టుకోవాలి. మేము ఇక్కడే ఉండడానికి నా ఉద్యోగమూ మా అమ్మ మోకాళ్లూ కారణం.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఫోనులోనే జరుగుతుంది. హాస్టల్లో భోజనాలు ముగిశాక ఆమె వీడియో కాల్ చేస్తుంది. వంటింటి గట్టు మీద ఊరగాయ జాడీకి ఫోను ఆనించి చుట్టూ కూర్చుంటాం. మొదట్లో కీర్తన ఎత్తుకుంటే ఆమె గొంతు మాకు ఒక చరణం ఆలస్యంగా చేరేది, మా గొంతులు అక్కడికి ఇంకా ఆలస్యంగా చేరేవి, పాట మధ్యలోనే తెగిపోయేది. దానికి మా అమ్మే ఒక పద్ధతి పెట్టింది. పల్లవి నా భార్య ఒక్కతే పాడాలి, చరణం ఇక్కడ మేం పాడాలి, మళ్లీ పల్లవి ఆమెకు వదిలిపెట్టాలి. ఇప్పుడు పిల్లలు మందిరంలో కూడా పల్లవి దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ప్రార్థనకు ముందు నా భార్య తన రోజు గురించి చెప్పదు. పిల్లవాడి దగ్గు తగ్గిందా, అవ్వ మాత్రలు అయిపోయాయా, పాప జడకు రిబ్బన్లు ఎవరు కట్టారు అని వరుసగా అడుగుతుంది. దావీదు వాగు ఒడ్డున యోగక్షేమం అడిగిన ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నలే గుర్తుకు వస్తాయి.

ఆమె గ్రీకు పరీక్షకు ముందు రోజు రాత్రి మా అబ్బాయికి జ్వరం వచ్చింది. “నాయనా, అమ్మకు చెప్పొద్దు” అని వాడే అడిగాడు. నేను చెప్పాను. వాగుకు అవతల ఉన్నవారికి ఇవతలి సంగతి తెలియకుండా దాచడం ప్రేమ అని చాలామంది అనుకుంటారు కానీ, దాచిన ఇంట్లో తిరిగి వచ్చినవారు చుట్టపుచూపుగా వచ్చినట్టే అయిపోతారు. ఆ రాత్రి ఆమె ఫోనులోనే వాడి కోసం ప్రార్థించి, తెల్లవారి పరీక్ష రాసింది.

ఇక భాగం సంగతి. సామాను దగ్గర ఉన్నవారికి నిజంగా భాగం అందుతుందా అని ఎవరైనా అడిగితే నేను 119వ కీర్తన చూపిస్తాను. మన తెలుగు బైబిల్లో ఆ కీర్తనలో ప్రతి ఎనిమిది వచనాలకు పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అని అచ్చువేసి ఉంటుంది. మా అమ్మ చిన్నప్పటి నుంచి ఆ కీర్తన చదువుతోంది, ఆ మాటలేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అవి హెబ్రీ అక్షరాలనీ, మొత్తం 22 అనీ, ఒక్కొక్క అక్షరం కింద ఉన్న ఎనిమిది వచనాలూ మూలంలో అదే అక్షరంతో మొదలవుతాయనీ, అందుకే 176 వచనాలయ్యాయనీ నా భార్య ఒక రాత్రి ఫోనులో వివరించింది. మా అమ్మ కళ్లజోడు తుడుచుకుని పుటలు వెనక్కీ ముందుకూ తిప్పుతూ అక్షరాలన్నీ తానే లెక్కపెట్టుకుంది. మా పాప వాటిని పలక మీద రాసి, తరువాత ఏ అక్షరమో చెప్పమని అవ్వకు పరీక్ష పెడుతుంది. ఆ తరగతిలో కూర్చున్నది నా భార్య ఒక్కతే అయినా, ఆ రాత్రి మా అమ్మకు అందినది చిన్న భాగం కాదు.

తల్లి పిల్లల్ని వదిలి వెళ్లడమేమిటని అడిగేవాళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. తండ్రి వెళ్లినప్పుడు ఎవరూ ఆ ప్రశ్న వేయరు. మనకు పక్కనే ఉన్న, ఒక బిషప్ కింద నడిచే సంఘాల ప్రాంతమైన నంద్యాల డయోసిస్‌కు 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్‌గా అభిషేకం పొందారు, దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) బిషప్ అయిన మొదటి స్త్రీ ఆవిడే. రాయలసీమ నేల మీద అది జరిగి ఇన్నేళ్లయినా ఒక తల్లి చదువు గురించి మనకు సందేహం తీరకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. తిమోతిలోని విశ్వాసం మొదట అవ్వయైన లోయిలోనూ తల్లియైన యునీకేలోనూ ఉండేదని పౌలు రాశాడు. ఇంట్లో అవ్వ నిలబడి ఉన్న పిల్లల గురించి అంత బెంగ అక్కరలేదని నేను ఆ వచనం నుంచే ధైర్యం తెచ్చుకున్నాను.

మా సంఘం మమ్మల్ని ప్రేమించలేదని నేను అనను. ఆదివారం ఆరాధన ముగిశాక పాప జడ సరిచేసే అక్కలు ఉన్నారు, క్రిస్మస్‌కు బట్టలు పెట్టినవాళ్లు ఉన్నారు. మీ కుటుంబం ఎంత త్యాగం చేస్తోందో అని మనసారా చెప్పేవాళ్లు ఉన్నారు. అదంతా నేను కృతజ్ఞతతో పుచ్చుకుంటాను. అయినా మంచి మనసున్న ఇంటి పక్కన ఉన్నవారికి అందేదీ, లేనివారికి అందనిదీ కట్టడ కాదు. వెళ్లిన అభ్యర్థికి సాయం చేయడానికి ఏదో ఒక పద్దు ఉంటుంది, నిలిచిన ఇంటికి ఏ లెక్కల పుస్తకంలోనూ పద్దు లేదు. మన పాత మందిరాల్లో కడప రాతిపలకల మీద ఉపదేశకుల పేర్లు చెక్కి ఉంటాయి. వాళ్లు ఊరూరూ తిరుగుతుంటే ఇంట్లో గంజి కాచి పిల్లల్ని సాకిన ఇల్లాళ్ల పేర్లు ఆ పలకల మీద నాకు కనిపించలేదు.

మన స్త్రీలు ఎసట్లో బియ్యం వేసే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు ఇప్పటికీ ఉంది. నెలకొకసారి ఆ బియ్యం మందిరానికి వస్తుంది. కోత పండుగకు వేరుశెనగ మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు వస్తాయి, వేలం వేస్తాం, లెక్క రాస్తాం. రాబోయే జూన్‌లో ఒకే పాస్టరు కింద ఉన్న సంఘాల గుంపైన మన పాస్టరేట్ నుంచి ఇంకొక యువకుడు బి.డి.కి వెళ్తున్నాడు. అతని భార్యా, ఇంకా నడక రాని బిడ్డా ఇక్కడే అత్తగారింట్లో ఉంటారు. పిడికెడు బియ్యంలో ఎంత, కోత పండుగ వేలం డబ్బులో ఎంత ఆ ఇంటికి ప్రతి నెలా చేరాలో, ఆ బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్లాలో కమిటీ ఇప్పుడే తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయాలని పాస్టరు అయ్యగారినీ సంఘపెద్దలనూ నేను అడిగాను. మా ఇంటిని ఆ లెక్కలో చేర్చవద్దని కూడా చెప్పాను, నా జీతం మాకు సరిపోతుంది. వచ్చే కమిటీ కూటంలో ఆ విషయం చర్చకు పెడతామని అయ్యగారు మాట ఇచ్చారు. ఆ కూటం మొదట్లో చదవడానికి ఈ 30వ అధ్యాయమే, 21వ వచనం నుంచి 25వ వచనం వరకు, తీసుకోమని కోరాను.