పామాయిల్ తోటల్లో ఆదివారం సైకిళ్లు: కౌలాలంపూర్ తెలుగు తల్లిదండ్రులకు

కౌలాలంపూర్‌కి ఉద్యోగాల మీద వచ్చిన తెలుగు కుటుంబాల్లో పిల్లల వారం దాదాపు ఒకే మూసలో నడుస్తుంది. ఇంటర్నేషనల్ స్కూలు, కాండోలో ఈత, వారాంతంలో తెలుగు క్లాసు, పండక్కి ఏదో ఒక హాలు. ఏళ్లు గడిచినా ఇంటికి వచ్చిపోయే మలయ్ స్నేహితుడు ఒక్కడూ ఉండడు. ఆదివారం పొద్దున తోటల్లో, అడవి దారుల్లో గుంపుగా వెళ్లే మౌంటెన్ బైక్ రైడ్లు ఈ గిరి దాటిస్తాయి. ఆ గుంపులో మలయ్, చైనీస్, తమిళ, తెల్ల, అప్పుడప్పుడు మూడు తరాల కిందటే ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు కలిసే ఉంటారు. అయితే పిల్లల్ని తీసుకెళ్లడమంటే సైకిలు కారెక్కించడం ఒక్కటే కాదు.

తొమ్మిది, పదేళ్ల లోపు పిల్లల్ని గుంపులో కలపొద్దు. మట్టి దారిలో 12 నుంచి 15 కిలోమీటర్లు, ఆగుతూ ఆగుతూ రెండు గంటలు నడపగలిగితే అప్పుడు సరే. అంతకుముందు కొన్నాళ్లు పుత్రజయ చాలెంజ్ పార్కులో తేలిక దారుల మీద బ్రేకులు, మలుపులు అలవాటు చేయించండి. ఎత్తు సుమారు 125 నుంచి 145 సెంటీమీటర్లుంటే 24 అంగుళాల చక్రాల సైకిలు, దాటితే 26 అంగుళాలది గానీ 27.5 చక్రాల్లో చిన్న ఫ్రేము గానీ సరిపోతుంది. ‘వచ్చే ఏడాదికీ పనికొస్తుంది’ అని పెద్దది కొనడం మనవాళ్లకు అలవాటు. చొక్కా విషయంలో చెల్లుతుంది గానీ దిగుడులో కాలు నేలకందని సైకిలు పిల్లాణ్ని పడేస్తుంది. సస్పెన్షన్ మీద డబ్బు పోసే బదులు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్నది చూడండి. బ్రేకు లీవరు పక్కనే చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి, పిల్ల చూపుడు వేలి మొదటి కణుపు లీవరుకి ఆనేంత దగ్గరికి తెండి. ఒక్క వేలితో బ్రేకు పడాలి, మిగతా మూడు వేళ్లూ హ్యాండిల్‌ని వదలకూడదు. ఇక్కడి పెద్దల రైడ్లలో చాలామందికి బూటు అతుక్కునే పెడల్సుంటాయి. పిల్లలకు అవి వద్దు, మామూలు బల్లపరుపు పెడల్సే మేలు.

తోటలో సైకిలుకి వచ్చే ప్రధాన జబ్బు పంక్చరు, దానికి కారణం ముళ్లు. పామాయిల్ మట్ట మొదట్లో రెండు వైపులా గట్టి ముళ్లుంటాయి. గెల కోసేటప్పుడు కింది మట్టలు కూడా నరికి వరసల మధ్య పేరుస్తారు. కొన్ని దారి మీదికి జారతాయి. టైరులో దిగిన ముల్లు విరిగి మొన లోపలే ఉండిపోతుంది, బయటికి కనపడదు. కొత్త ట్యూబు వేసి గాలి కొడతారు, వంద మీటర్లు పోయేసరికి అదీ పోతుంది. అందుకే ట్యూబు తీశాక టైరు లోపలి వైపంతా ఒక చుట్టు మెల్లగా వేలితో తడమాలి. గుచ్చుకుంటుంది కాబట్టి వేలికి గుడ్డ చుట్టుకుంటే, దాని పోగు ముల్లుకి పట్టుకుంటుంది, చోటు దొరుకుతుంది. పాత ట్యూబులో చిల్లు ఎక్కడుందో, వాల్వు నుంచి ఎంత దూరమో చూసుకుంటే వెతుకులాట ఇంకా తగ్గుతుంది. టైరు పక్క గోడ చిరిగితే ఒక రింగిట్ నోటు మడిచి లోపల పెట్టి ట్యూబు ఎక్కించండి. ఆ నోటు పాలిమర్‌ది, చెమ్మకి నానదు, ఇల్లు చేరేదాకా ఆగుతుంది.

ట్యూబ్‌లెస్ అయితే ముళ్ల బాధ చాలావరకు పోతుంది. 24 అంగుళాల టైరుకి 60 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లుని లోపలినుంచి పూడ్చే ద్రవం) పోయాలి. ఇక్కడి వేడికి అది త్వరగా ఎండుతుంది గనక రెండు మూడు నెలలకొకసారి మళ్లీ పోయకపోతే ఉన్నా లేనట్టే. 30 కిలోల పిల్లకి ట్యూబ్‌లెస్‌లో గాలి ఒత్తిడి 16 నుంచి 20 పీఎస్‌ఐ, ట్యూబుంటే 22 నుంచి 25 చాలు. పెద్దవాళ్ల లెక్కన 35 కొడితే తడి వేరు మీద చక్రం నిలవదు.

వేర్ల ఇబ్బంది రబ్బరు తోటల్లో ఎక్కువ. తామన్ తున్ డాక్టర్ ఇస్మాయిల్ (టీటీడీఐ) పేట పక్కనున్న బుకిట్ కియారా ఒకప్పటి రబ్బరు తోటే. అక్కడి సన్న దారుల్లో వేర్లు నేల పైకి తేలి ఉంటాయి. తడి వేరుని ఏటవాలుగా ఎక్కితే ముందు చక్రం దాని వెంటే జారిపోతుంది. నేరుగా, అంటే వేరుకి అడ్డంగా, బ్రేకు వదిలి దాటాలి. బ్రేకు ముందే వేసుకోవాలి, వేరు మీద కాదు. ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో రబ్బరు చెట్లు ఆకు రాలుస్తాయి. అప్పుడు వేర్లు ఆకుల కింద దాక్కుంటాయి కాబట్టి తెలిసిన దారైనా నెమ్మదిగా పోవాలి. పాలు గీసే తోటల్లో చెట్టుకి కట్టిన గిన్నెల్ని హ్యాండిల్ తగిలి ఒలకబోయకూడదు. అది ఒకరి రోజు కూలి.

పామాయిల్ తోటలో అసలు కష్టం దారి తప్పడం. చెట్లు 9 మీటర్ల ఎడంతో త్రికోణ పద్ధతిలో నాటి ఉంటాయి. ఎటు చూసినా ఒకటే వరస, ఒకటే నీడ, ఒకటే ఎర్రమట్టి రోడ్డు. అందుకే మంచి గుంపులు మలుపు కాపలా పద్ధతి పాటిస్తాయి. ముందు నడిపించేవారు కూడలి దగ్గరికి రాగానే వెనకున్న రెండో మనిషి అక్కడ ఆగిపోతాడు. అందరికీ దారి చూపించి, చివరి మనిషి వచ్చాక అతనితో కలుస్తాడు. తర్వాతి కూడలికి ఇంకొకరు. పన్నెండేళ్ల పిల్లకి ఈ కాపలా పని ఇప్పించండి, పక్కన మీరో మరో పెద్దో ఉండండి. ‘ఎడమకి పోండి’ అని ఇరవై మంది కొత్తవాళ్లకి చెప్పేసరికి బిడియం సగం దానంతటదే పోతుంది. తోట బ్లాకుల మూలల్లో బోర్డులుంటాయి. వాటి మీద బ్లాకు నంబరు, నాటిన సంవత్సరం, హెక్టార్లు రాసి ఉంటాయి. ఆ నంబరు ఫోన్లో ఫొటో తీసుకుంటూ పొమ్మనండి. తప్పిపోతే ‘చెట్ల మధ్య ఉన్నా’ అని చెప్పడం కంటే బ్లాకు నంబరు చెబితే వెతికేవాళ్లకి ఆధారం దొరుకుతుంది. సిగ్నల్ అన్నిచోట్లా రాదు, మ్యాపు ముందే దించుకోవాలి. ఇక్కడ అత్యవసర నంబరు 999.

కాగితం ముక్కలు చల్లిన దారిని పట్టుకుని వెళ్లే హాష్ పరుగు 1938లో కౌలాలంపూర్‌లోనే మొదలైంది. అదే పద్ధతిని సైకిళ్లకి పెట్టుకున్న రైడ్లూ ఉన్నాయి. పిల్లలకు ఇవి బాగా కుదురుతాయి. దారిలో కావాలనే తప్పుదారులు పెడతారు గనక, వేగంగా పోయేవాళ్లు వాటిలో పడి తిరిగొచ్చేలోపు వెనకబడ్డ పిల్లలు వాళ్లని అందుకుంటారు. ఎవరూ ఒంటరిగా వెనకే మిగిలిపోరు.

ఇక తోట అన్నది పార్కు కాదు. ఈ ఒక్క మాట మాత్రం పిల్లలకు బయల్దేరే ముందే చెప్పాలి. అనుమతి ఎవరు తీసుకున్నారో నిర్వాహకుణ్ని అడగండి. గేటు ముందు కారు ఆపకండి, గెలల లారీ తిరగడానికి చోటుండాలి. ముదురు చెట్ల గెలలు పొడుగు కర్రకి బిగించిన కొడవలితో కోస్తారు. పది మీటర్ల పైనుంచి ఇరవై కిలోల గెల, దానితో మట్ట పడతాయి. ఆదివారం కోత తక్కువే గానీ ఉండదని లేదు. కోత కనపడితే దూరంగా ఆగి, పనివాడు చెయ్యి ఊపాకే కదలాలి. ‘పాగి, బాంగ్’ (శుభోదయం, అన్నా) అని పలకరించి పోవడం ఇక్కడి మర్యాద. వాళ్లలో ఎక్కువమంది ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. బ్రిటిష్ కాలంలో ఇలాంటి తోటల్లోనే ఉత్తరాంధ్ర నుంచి ఓడల్లో వచ్చిన మనవాళ్లూ పనిచేశారు. పెరాక్‌లోని బాగాన్ దతోక్ వైపు ఆ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. గుంపులో అలాంటి ఇంటి పెద్దాయన తగిలితే ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలిసి ఉండొచ్చు. మన పిల్లలు నవ్వకుండా చూసుకోవాలి. ఆయన తెలుగు మన పిల్లల తెలుగు కంటే పాతది, పైగా బడి సాయం పెద్దగా లేకుండా నిలిచింది. ఏలూరు, అశ్వారావుపేట వైపు అమ్మమ్మగారి ఊరున్న పిల్లలకైతే ఈ చెట్టు కొత్తేమీ కాదు. అక్కడ గెల కోసే రైతుని అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడే పుడతాయి.

పిల్ల వెనకే నడుపుతూ ‘బ్రేకెయ్యి, బ్రేకెయ్యి, గేరు మార్చు’ అని అరిచే నాన్నలకి ఒక మనవి. మిగతావాళ్లకి అది తిట్టులా వినిపిస్తుంది, పిల్లకేమో తల కొట్టేసినట్టుంటుంది. పైగా అపాయం వచ్చినప్పుడు గుంపంతటికీ అర్థమయ్యే మాట కావాలి. ‘కెరెతా’ అంటే కారొస్తోంది, ‘లోరి’ అంటే లారీ, ‘హతి హతి’ అంటే జాగ్రత్త. పిల్లలు వీటిని విన్నప్పుడు వెనక్కి అందించాలి, అదే వరస. తల్లిదండ్రులు నలుగురైదుగురి వెనక ఉండటం మంచిది. తెలుగుకి వేరే చోటుంది: శనివారం రాత్రి సైకిలు సరిచూసుకునే అరగంట. చైనుకి నూనె, టైరులో గాలి, హెల్మెట్ పట్టీ, ఇరుసు బిగింపు. చేతిలో పనున్నప్పుడు మాట్లాడటానికి మొండికేసే పిల్లలు కూడా ‘ఇది వదులైంది, బిగించు’ అని తెలుగులోనే అనేస్తారు. ఆ సమయంలో ఇంగ్లీషులోకి జారకుండా చూసుకోవాల్సింది పెద్దలే.

నీళ్లు గంటకి అర లీటరు లెక్కన, పైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు. మజ్జిగ పంపాలనుకుంటే సగం సీసా ముందురోజు గడ్డకట్టించి మిగతా సగం పొద్దున నింపండి. పెరుగన్నం వద్దు, ఈ ఉక్కకి పది గంటలకే పులుస్తుంది. పులిహోర ఆగుతుంది. రైడ్ అయ్యాక గుంపు మామాక్ (తమిళ ముస్లింల) హోటల్లో కూర్చుంటుంది. రోటీ చనాయ్ (పరోటా), తే తారిక్ (పాల టీ) దగ్గర పెద్ద పేచీ లేదు గానీ శాకాహారులు సంబల్ (కారం పచ్చడి) వేయించుకునే ముందు అందులో ఏముందో అడగాలి, ఎండు చేపలుండొచ్చు. మీరు ఇంటినుంచి తెచ్చిన మాంసం డబ్బా మలయ్ స్నేహితుల ముందు పెట్టకండి, వాళ్లకి హలాల్ అవునో కాదో అడగాల్సిన ఇబ్బంది. రంజాన్ నెలలో రైడ్లు చిన్నవవుతాయి, సాయంత్రానికి మారతాయి. ఉపవాసమున్న వాళ్ల ముందు సీసా ఎత్తి గటగటా తాగకూడదని పిల్లలకి ఒక్కసారి చెబితే చాలు, వాళ్లు మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

కేపోంగ్‌లోని ఫ్రిమ్ (మలేషియా అటవీ పరిశోధన సంస్థ) అడవిలో, సైకిళ్లకి అనుమతించిన దారుల్లో వెళ్తే కపూర్ చెట్ల కింద ఆగి పైకి చూపించండి. కొమ్మలు ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో సన్నటి ఆకాశం వదులుతాయి. పరమాన్నంలో వేసే పచ్చకర్పూరం పూర్వం ఈ చెట్టు నుంచే వచ్చేది.

పాముల గురించి అనవసరమైన భయం వద్దు గానీ మట్టల కుప్పలెక్కడం, వాటి పక్కన ఒంటేలుకి కూర్చోవడం వద్దు. ఎలకల కోసం నాగులు, కొండచిలువలు అక్కడే ఉంటాయి. ఇక్కడి నల్లతాచు విషం కళ్లలోకి చిమ్మగలదు, కాబట్టి కళ్లద్దాలు తీయకుండా నడపాలి. విషం కంట్లో పడితే నలపకుండా నీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. రోడ్డు వదిలి వరసల్లోకి దిగడమూ ప్రమాదమే, తీగల కింద మురుగు కాలువ కనపడదు. రెండు దుంగల వంతెన దాటేటప్పుడు దిగి నడవాలి. మధ్యాహ్నం ఉరుములు మామూలు కనుక పదకొండుకల్లా కారు దగ్గరుండాలి.

వాన కురిసిన మర్నాడు ఎర్రమట్టి ఫోర్కులో, చైన్లో ఇరుక్కుంటుంది. పిల్లలు బలవంతంగా తొక్కుతారు, వెనక డీరైలర్ (గేరు మార్చే భాగం) చక్రాల్లోకి లాక్కుపోయి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగరు విరుగుతుంది. దిగి పుల్లతో గీకాలి. ఆ మోడల్ హ్యాంగరు ఒకటి సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి, ఆదివారం దొరకదు. ఆ బురద నీటిలో ఎలక మూత్రం కలిసి ఉండొచ్చు కాబట్టి మూతి మీద మట్టి పడిన సీసాతో తాగనివ్వకండి. మూత ఉన్న సీసా, లేదా వీపు సంచి నీళ్లు వాడండి. గీరుకున్న చోట సబ్బుతో కడిగి ప్లాస్టరు వేశాకే మళ్లీ బురదలో దిగాలి. రైడ్ అయిన ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో, ఒక్కోసారి నెలలోపు, జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం వస్తే డెంగ్యూ పరీక్షతో ఆగకుండా పిల్ల తోట బురదలో సైకిలు తొక్కిందని, ఏ రోజు తొక్కిందో డాక్టరుకి చెప్పండి. లెప్టోస్పైరోసిస్ (ఎలక మూత్రం వల్ల వచ్చే జ్వరం) పరీక్ష వాళ్లు అప్పుడే రాస్తారు.