నాలుగో పేజీ అడుగున మా డోర్ నంబరు

పదకొండేళ్లు ఒక పెద్ద పత్రికకు కంట్రిబ్యూటర్‌గా రాశాను. జీతం ఉండదు, లైన్ అకౌంటు. అచ్చయినంత మేరకే డబ్బు. దసరాకీ సంక్రాంతికీ యాడ్ టార్గెట్లు అదనం. పొద్దున ఎవరి మురుక్కాలవ మీద వార్త రాశానో సాయంత్రం ఆయన దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. ఈ లైన్లో ఉన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో మా అజిత్‌సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఫ్లైఓవర్ మీద ఎటు చూసినా కెమెరాలే. నీళ్లు దిగాయి, కెమెరాలూ దిగిపోయాయి. అసలు గొడవ అప్పుడు మొదలైంది. ప్రభుత్వ సాయం మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పైవాళ్లకి 10 వేలు అన్నారు. మా వీధిలో కింద అద్దెకుంటూ లిస్టులో మేడెక్కినవాళ్లు తేలారు. దానిమీద నేను పంపిన వార్త మూడు రోజులు పత్రికాఫీసు డెస్కులో నానింది. నాలుగో రోజు రెండు లైన్లు వచ్చింది.

మన పేట కాగితం మనమే వేసుకుందాం అనుకున్నది ఆ పొద్దున్నే. కుర్రాళ్లు యూట్యూబ్ చానల్ పెట్టమన్నారు. బెజవాడలో లోగో మైకులకి కరువా? మావాళ్లకి కావలసింది మడిచి జేబులో పెట్టుకుని, ఆఫీసు బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపించే కాగితం.

క్రమం తప్పకుండా వచ్చే వార్తల కాగితం ఎంత చిన్నదైనా రిజిస్టర్ చేయించాలి. టైటిల్‌కి ఢిల్లీ, పత్రిక నాదేనని రాసిచ్చే డిక్లరేషన్‌కి సబ్ కలెక్టరాఫీసు, తిరగలేక చస్తావని సీనియర్లు భయపెట్టారు. అదంతా 1867 నాటి చట్టం మాట. 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం నడుస్తోంది, డిక్లరేషన్ గోల పోయింది. ప్రెస్ సేవా పోర్టల్ అనే సర్కారు వెబ్‌సైట్లో టైటిలుకీ రిజిస్ట్రేషనుకీ కలిపి దరఖాస్తు పెట్టాను. సంతకం కూడా ఆధార్‌తోనే. స్థానిక అధికారి అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువుంటుంది, కాబట్టి తొందరపడి లాభం లేదు.

నన్ను తిప్పలు పెట్టినవి రెండు. ఒకటి, పేరు. తెలుగులో దేశంలో ఎక్కడా, మన రాష్ట్రంలో ఏ భాషలోనూ అలాంటి పేరు ఉండకూడదు. మంచి మాటలన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో రాయించేసుకున్నారు. మూడోసారికి గట్టెక్కాం. రెండోది, ప్రెస్సు. అచ్చువేసే ప్రెస్సు వివరాలు కూడా పోర్టల్లో ఉండాలి. గాంధీనగర్‌లో తెలిసిన ఆఫ్‌సెట్ ఆయన "శుభలేఖలు వేసుకు బతికేవాణ్ణి, నాకెందుకయ్యా ఢిల్లీతో పని" అన్నాడు. రెండు వారాలు ఆయన కొట్టు ముందే టీ తాగాను. చివరికి వాళ్లమ్మాయి ఫోన్లో పావుగంటలో నింపేసింది.

ఇంక డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టడం. నేను ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిందంతా పేజీలు కట్టే పేజ్‌మేకర్లో "అను" అనే పాత తెలుగు ఫాంట్లలోకి మార్చాలి. మార్చేసరికి ఒత్తులు జారిపోయి పక్క అక్షరాల కింద కూర్చున్నాయి. "అన్నా, దిద్దేకంటే మళ్లీ కొట్టడం నయం" అన్నాడు కుర్రాడు. రాత్రి ఒంటిగంటైంది. ఏ3 షీటు మడిస్తే నాలుగు పేజీలు, 60 జీఎస్ఎం మ్యాప్‌లితో రకం కాగితం, 500 కాపీలు, ప్లేట్లతో కలిపి 2,400 రూపాయలు. వెల 5 రూపాయలు. మిగిలేదెంతో లెక్క మీరే వేసుకోండి.

మొదటి పేజీలో వార్త లేదు, పట్టిక ఉంది. మా వీధి 64 ఇళ్లూ తిరిగి, లిస్టులో ఏ అంతస్తని పడింది, నిజానికి ఎక్కడున్నారు, గోడ మీద నీటిచార ఎంత ఎత్తున ఉంది, మూడు గడులు వేశాను. నాలుగో పేజీ అడుగున ఎడిటర్, పబ్లిషర్, ప్రింటర్ పేర్లు, చిరునామాలు. పదకొండేళ్లూ "మా ప్రతినిధి"నే నేను. ప్రూఫు చూసి మా ఆవిడ "డోర్ నంబరు కూడానా?" అంది.

పంచిన మర్నాడు ఆరున్నరకి తలుపు చప్పుడు. వీధి చివరింటి మామ్మగారు, చేతిలో మా కాగితం నాలుగు మడతలు.

"ఏం నాయనా, మేం మేడ మీదున్నామని నువ్వు కూడా రాశావా?"

ఆవిడ వరసలో రెండు గడులు తారుమారయ్యాయి. పాత రోజుల్లో అయితే ఈ మాట డెస్కుకి ఫోనులో వెళ్లేది, సవరణ వేస్తే వేసేవాళ్లు, లేకపోతే లేదు. కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు. ఇంట్లో మిగిలిన 140 కాపీలు నీలం పెన్నుతో దిద్దాను. పంచేసినవాటి కోసం సాయంత్రం మళ్లీ గడపగడపా ఎక్కాను. ఆవిడ కూడా వెంట వచ్చింది, సరిగ్గా దిద్దుతున్నానో లేదో చూడ్డానికి.